బొజ్జన్నకొండ గుహలో 50 సెకండ్లు

అనకాపల్లి పట్టణమునకు సుమారు 3 కిలోమీటర్ల దూరములో శంకరం గ్రామమున్నది. సంఘారామము అను మాటే వాడుకలో శంకరమైనదని చెప్పుదురు. ఊరి ప్రక్కన రెండు కొండలు: తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. పూర్వము బౌద్ధ భిక్షువులు నివసించిన చోటిది. 1907 ప్రాంతములో అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి ఇక్కడ త్రవ్వకములు జరిపించారు. మెట్లెక్కి వెళ్తే కొండను తొలిచిన గుహ, లోపల 16 స్తంభములు, వాటి నడుమ అదే రాతిలో మలచిన స్తూపము. వాకిలిగుండా వచ్చినదే వెలుగు.

మా సంఘములో ఒక తాతగారున్నారు. చాలా కాలము ఫొటో స్టూడియో నడిపారు. నీటికాసుల వలన ఇప్పుడు చూపు బాగా తగ్గిపోయింది. "అయ్యగారూ, ఆ గుహను ఒక్కసారైనా సరిగా ఫొటో తీయాలనుకునేవాణ్ణి. పెళ్లిళ్ల పనిలో తీరిక చిక్కలేదు. ఇప్పుడు మోకాళ్లు రావు" అంటూ తన పాత ఫిల్ము కెమెరాను మా చేతిలో పెట్టారు.

మేము మా అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లాము. అది పురావస్తు శాఖ రక్షణలోనున్న చోటు గనుక కెమెరా స్టాండుకు ముందుగా అనుమతి కావాలి. అందుచేత ఇసుక సంచి మీద కెమెరా పెట్టాము. మీటరు 10 సెకండ్లని చూపించింది. అలాగే తీశాము. ఫిల్ము కడిగించి చూస్తే దాదాపు ఏమీ పడలేదు!

తాతగారు నవ్వారు. "మీటరు మాట పగటికే అయ్యగారూ. వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తే, ఫిల్ము మీద మొదట పడిన గుర్తు నిలవకుండానే చెదిరిపోతుంది. చీకటికి ఎక్కువ సమయమివ్వాలి" అన్నారు. మేము వాడిన కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ముకు ఆ కంపెనీ ఇచ్చిన లెక్క కూడా అదే: మీటరు 10 సెకండ్లంటే 50 ఇవ్వాలి; 100 అంటే 1200, అనగా 20 నిమిషములు!

మరల వెళ్లాము. తలుపు తెరచి 50 వరకు నెమ్మదిగా లెక్కపెట్టాము. నడుమ పిల్లలు కొందరు కెమెరా ముందునుండి పరుగెత్తిపోయారు. ఇదీ పాడైనదే అనుకున్నాము.

ఈసారి ఫిల్మును తాతగారే కడుగుతానన్నారు. మేము సందేహించాము. అయితే ఫిల్మును డబ్బాలోని చక్రానికి ఎక్కించేది కటిక చీకటిలోనే. ఎర్రదీపము కూడా పనికిరాదు. అక్కడ చూపున్న మేము తడబడితే, ఆయన వేళ్లు తడుముకోకుండా పని ముగించాయి.

ఆరిన నెగెటివును కిటికీ దగ్గర పట్టి చూశాము. స్తంభములు, స్తూపము చక్కగా పడ్డాయి. పరుగెత్తిన పిల్లల జాడే లేదు, నిలిచినవే నిలిచాయి. పెద్దగా వేయించిన ఫొటోను తాతగారు కంటికి ఆనించుకొని, చాలాసేపు చూచి, "స్తంభం అంచు తెలుస్తోంది" అన్నారు.

ప్రియ పాఠకులారా, చూపు తగ్గిన పనివారు మీ ఊరిలోనూ ఉండవచ్చును. వారి చేతులకు పని ఇంకా గుర్తుంటుంది. వెళ్లి అడగండి.