ఆదివారం గోలీ

అమ్మ వేళ్లు వాచినప్పుడు ఊరంతా ఒకటే మాట: "ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి అట్లయింది." మాది మర్రిగూడ పక్క ఊరు మరి, నమ్మకుంటే ఎట్ల? ఆరేండ్లు నొప్పి గోలీలతోనే గడిచింది. పొద్దున లేస్తే గంటదాకా పిడికిలి ముడుచుకునేది కాదు. నా జడ నేనే వేసుకోవడం అప్పుడే నేర్చుకున్నా.

చివరికి హైదరాబాద్‌లో యాంటీ సీసీపీ రక్తపరీక్ష చేస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటది. ఇదేమో మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడటం. ఇప్పుడు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తది. అందుకే ఆదివారం పెట్టుకున్నం, క్యాలెండర్‌లో ఎట్లాగూ ఎర్రగనే ఉంటది కదా.

ఈమధ్య పొద్దున్నే నా వేళ్లూ పట్టేస్తున్నయ్. 2024లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక ట్రయల్ చదివా. బ్రిటన్, నెదర్లాండ్స్‌లో కీళ్లనొప్పి, యాంటీ సీసీపీ ఉండి ఇంకా వాపు రాని 213 మంది. ఏడాదిపాటు అబాటాసెప్ట్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 6 శాతం మందికే జబ్బు ముదిరింది, మందులేని సూది వేసుకున్నవాళ్లలో 29 శాతం. ఆపేశాక రెండో ఏడాదికి ఆ తేడా తగ్గింది. ధర వెతికి, ఫోన్ పక్కన పెట్టేశా.

నిన్న రక్తం ఇచ్చొచ్చా. అమ్మకు ఇంకా చెప్పలే.