ఒగ్గు కథకు మూడు కొటేషన్లు

"మూడు కొటేషన్లు పెట్టారా?" అని అడిగాడు అకౌంట్స్ సెక్షన్ ఆఫీసరు.

నా చేతిలో ఉన్న ఫైలు మీద 'జానపద కళాప్రదర్శన – చెల్లింపు – రూ. 40,000' అని రాసి ఉంది. "దేనికి సర్?" అన్నాను.

"అదే, ఆ డోళ్ల వాళ్లకి. వీళ్లనే ఎందుకు పిలిచారు? ఇంకో ఇద్దరు ఇంతకంటే ఎక్కువ అడిగారని కాగితం ఉండాలి కదమ్మా."

2020 మార్చి మొదటి వారం అది. ఆ 'డోళ్ల వాళ్లు' మా వర్ధన్నపేట దగ్గరి ఊరి ఒగ్గు కథ బృందం, మొత్తం ఎనిమిది మంది. పెద్దాయన మా ఇంట్లో మల్లన్న పట్నం వేసే మనిషి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని కాకా అనే పిలుస్తాను. హైదరాబాద్‌లో నేను పీహెచ్‌డీ చేస్తున్న యూనివర్సిటీకి ఆయన్ని తీసుకొచ్చింది నేనే. పైసలకు మాట ఇచ్చింది కూడా నేనే.

వర్ధన్నపేట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మామునూరు, ఇల్లంద దాటితే వచ్చే ఊరు. మల్లన్న జాతర జరిగే ఐనవోలు ఒకప్పుడు మా మండలంలోదే, 2016లో వేరే మండలమైంది. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా నడుస్తుంది. ఒగ్గు పూజారులకు ఏడాది తిండి చాలావరకు ఆ రెండున్నర నెలల్లోనే. పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపిండితో నేల మీద పట్నం వేయడం, డోలు, తాళాలు, చేతిలో ఒగ్గుతో రాత్రంతా కథ చెప్పడం. మా దగ్గర ఒగ్గు వాళ్లను పిలవాలంటే ఇంటి పెద్ద పోయి తమలపాకులు, వక్కలు, వాటి మీద కొంత పైకం పెట్టి చేతికి ఇస్తాడు. అదే బయానా. అది అందుకున్నాక ఆ రోజుకు ఇంకెవరు ఎంత ఎక్కువ ఇస్తామన్నా పోరు. మిగిలిన పైకం కథ ముగిసిన తెల్లారే, ఇంట్లోవాళ్లు స్నానాలు చేయకముందే ముట్టాలి. కాగితం ఉండదు, సాక్షులు ఊరంతా ఉంటారు.

నా పరిశోధన ఒగ్గు కథ మీద. డిపార్ట్‌మెంట్‌లో జానపద సాహిత్యంపై రెండు రోజుల సెమినార్ పెట్టినప్పుడు మా ప్రొఫెసర్, "మీ వాళ్లను పిలువు, పేపర్లు చదువుకోవడమేనా, ఒకసారి విందాం" అన్నారు. నాకెంత సంతోషమో. ఊరికి పోయి కాకకు చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. శివరాత్రి తర్వాతి వారం.

"ఆ వారమే రెండు పట్నాలు ఒప్పుకున్న బిడ్డా. అయినా నీ సదువు కోసం అంటున్నవ్. మా తమ్మునికి అప్పజెప్త. ఏమిస్తరు?"

"నలభై వేలు, బండి కిరాయితో కలిపి."

"బయానా?"

అక్కడ ఆగాను. అడ్వాన్సు కావాలని అడిగితే, బయటివాళ్లకు ముందుగా ఇవ్వడం కుదరదని ఆఫీసులో చెప్పారు. ఉద్యోగి తన పేరు మీద తీసుకోవచ్చట. కానీ మా ప్రొఫెసర్ పేరు మీద అంతకుముందు సెమినార్ అడ్వాన్సు ఒకటి లెక్క తేలకుండా ఉంది, అది తీరే దాకా కొత్తది రాదు. నేను విద్యార్థిని, నా పేరు మీద ఏదీ రాదు. జేబులోంచి ఐదు వందల నోటు తీసి, ఆకులు లేకుండానే, ఆయన చేతిలో పెట్టాను. "యూనివర్సిటీ తరఫున" అన్నాను. నా మొదటి అబద్ధం అదే.

వాళ్లు తూఫాన్ బండిలో వచ్చారు. డోళ్లు బండి పైన గోనెసంచుల్లో కట్టి ఉన్నాయి. రాత్రంతా చెప్పాల్సిన బీరప్ప కథకు మా కార్యక్రమ పత్రంలో నలభై ఐదు నిమిషాలు కేటాయించాం, టీ విరామానికి ముందు. అది విని కాక నవ్వాడు. "ముప్పావు గంటల బీరప్ప పుట్టుడు గూడ కాదు బిడ్డా." అయినా చెప్పాడు. గజ్జెలు కట్టి నిలబడేసరికి ఏసీ హాలులో ఫోన్లన్నీ పైకి లేచాయి. గంటన్నర అయినా ఎవరూ ఆపమనలేదు, టీ చల్లారిపోయింది. చివర్లో శాలువా, మెమెంటో, సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద పేరు ఇంగ్లీషులో తప్పుగా పడింది. పైసల విషయం అడిగితే, "వారంలో అకౌంట్లో పడతాయి కాకా" అన్నాను. అప్పుడు అబద్ధమాడలేదు, నిజంగా అదే అనుకున్నాను.

ఇక కొటేషన్లు. సెమినార్‌కు ఫ్లెక్సీలు వేసిన షాపతను బిల్లుతో పాటు మూడు కొటేషన్లూ తనే తెచ్చి ఇచ్చాడు. మూడు లెటర్‌హెడ్లు, మూడు స్టాంపులు, ఒకే చేతిరాత. భోజనాల కాంట్రాక్టరూ అంతే. ఇద్దరికీ మార్చి ఇరవై లోపల డబ్బు అందింది. ఆ నియమం మోసం జరగకుండా ఉండటానికే పెట్టారు, అది నేను కాదనను. అయితే దాన్ని దాటడం తెలిసినవాళ్లకు అదొక గడప, తెలియనివాళ్లకు గోడ. ఒగ్గు కథకు పోటీ ధరలు ఎక్కడి నుంచి తేవాలి? బీరప్ప కథ ఇంతకంటే చవగ్గా చెప్పేవాళ్లెవరని ఊరూరా తిరిగి అడగాలా?

సెక్షన్ ఆఫీసరు చెడ్డవాడేం కాదు. నా ముఖం చూసి అల్మారాలోంచి ఒక పుస్తకం తీశాడు, జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017. సెమినార్ నడిచింది కేంద్రం గ్రాంటుతో కాబట్టి ఆ పుస్తకమే మాకు శాస్త్రం. అందులో మా కాక చేసిన పనికి ఒక పేరు ఉంది: 'నాన్-కన్సల్టింగ్ సర్వీస్'. అంటే ఫలితం భౌతికంగా కనబడాలి, కొలతకు అందాలి. 204వ నియమం ప్రకారం, తప్పనిసరి పరిస్థితుల్లో, కారణం రాతపూర్వకంగా చూపితే, పోటీ లేకుండా ఒకరినే ఎంచుకోవచ్చు. "ఇదొక్కటే దారి. ఈయన తప్ప వేరే దిక్కు లేదని రాయండి, కొలత కూడా రాయండి" అన్నాడు. నేను, ప్రొఫెసర్ కూర్చుని రాశాం: కళాకారులు ఎనిమిది మంది, వ్యవధి తొంభై నిమిషాలు, వాద్యాలు ఇన్ని. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో డాక్టరేట్ చేసింది 1956లో. అరవై ఏళ్లు దాటినా జానపదుల పాట మన యూనివర్సిటీల్లో సిలబస్ దాకా వచ్చింది కానీ క్యాష్ సెక్షన్ దాకా రాలేదని ఆ నోట్‌లో రాయాలనిపించింది. రాయలేదనుకోండి.

ఆ నోట్ మార్చి 19న పైకి పోయింది. మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిసింది. ఖర్చు కాని గ్రాంటు వెనక్కి పోతుంది, వినియోగ పత్రంలో 'ఖర్చు కాలేదు' అని చూపించాలి. మా నలభై వేలు ఆ గడిలోకి పోయాయి.

హాస్టల్ ఖాళీ చేయించారు, నేను ఊరికి వచ్చాను. పెళ్లిళ్లు లేవు, బోనాలు లేవు, పట్నాలు లేవు. ఏప్రిల్‌లో ఒకరోజు కాక మా గుమ్మం ముందు, దూరంగా, మూతికి తువ్వాల కట్టుకుని నిలబడ్డాడు. పైసలు అడగలేదు. "మంచిగున్నవా బిడ్డా" అని అడిగి, కాసేపు నిలబడి పోయాడు.

అమ్మ లోపలి నుంచి అంతా చూసింది. "ఆయన దేనికొచ్చిండో ఎర్కేనా?" అంది.

"యూనివర్సిటీ మూసి ఉందమ్మా. నేనేం చేయాలె?"

"ఆయనకు మాటిచ్చింది నువ్వా, యూనివర్సిటీయా?"

అమ్మ చిట్టి పైసల్లోంచి పదివేలు తీసింది. తీసుకుపోయి కాకకిచ్చి, "యూనివర్సిటోళ్లు సగం పంపుతున్నారు, ముందు ఇవి" అన్నాను. రెండో అబద్ధం. ఆయన నోట్లు కళ్లకద్దుకుని, "కరోనల గూడ మర్వలే సూడు" అన్నాడు ఇంటామెతో. బతుకమ్మ ముందు ఇంకో పదివేలు ఇచ్చాను. అవి నా ఫెలోషిప్ పైసలు. నెలకు ఎనిమిది వేలు, అవీ నెలనెలా రావు. నాలుగైదు నెలలవి కలిపి ఒకసారి పడతాయి.

ఆ ఏడాది చివర్లో ఆఫీసు తెరిచాక ఫైలు వెతికిపెట్టింది అటెండరు తమ్ముడు. అతనిదీ మహబూబాబాద్ వైపే. ఏజెన్సీ ద్వారా పనిచేస్తాడు, అంటే యూనివర్సిటీ మనిషి కాదు. "మాకే మూడు నెలల్నుంచి జీతం లేదక్కా, మీదెట్ల వస్తది" అన్నాడు, నవ్వుతూనే. ఏజెన్సీ ముందు జీతాలిచ్చి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన రసీదులు చూపిస్తే గానీ యూనివర్సిటీ బిల్లు పాస్ చేయదు. బిల్లు వస్తే గానీ జీతాలివ్వనని ఏజెన్సీ అంటుంది. జీతంలోంచి పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం కోత మాత్రం ఠంచనుగా పడుతుంది. వాళ్ల శ్రమ మీద ఏజెన్సీ వేసే బిల్లుకు యూనివర్సిటీ 18 శాతం జీఎస్టీ కూడా కడుతుంది. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం 21వ సెక్షన్‌లో, కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమానే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలని అప్పట్లో ఉండేది. ఈ మాట సెక్షన్ ఆఫీసరుతో అంటే ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్క నెల మన చేత్తో ఇస్తే, రేపు వీళ్లు మన ఉద్యోగులమని కోర్టుకు పోతారని భయం తల్లీ. డబ్బు లేక కాదు."

ఆ తమ్ముడు రోజూ నా ఫైలును ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోస్తూ, ఎక్కడుందో ఫోన్ చేసి చెప్పేవాడు. నేనేమో అతని జీతం గురించి ఒక్క కాగితం కూడా రాయలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇక పాన్ కార్డు. ముప్పై వేలు దాటిన చెల్లింపుకు పన్ను కోత ఉంటుంది. పాన్ ఉంటే ఒక శాతం, లేకపోతే ఇరవై. అంటే నాలుగు వందలకు బదులు ఎనిమిది వేలు. కాకకు పాన్ లేదు, ఉండాల్సిన పనీ ఎప్పుడూ పడలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బ్యాంకు పుస్తకంలో వెనకుంది. మీసేవ చుట్టూ మూడుసార్లు తిరిగాం. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. లైన్లో నిలబడి పక్కవాళ్లకు, "యూనివర్సిటోళ్లు అడిగిండ్రు" అని చెప్పేవాడు, గర్వంగా.

కొత్త పద్దు కింద మంజూరై, 2021 మార్చి చివర్లో డబ్బు పంపారు. ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. కాకది ఆంధ్రా బ్యాంకు ఖాతా. ఆ బ్యాంకు ఏడాది కిందటే యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ ఏప్రిల్ ఒకటి నుంచి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెల్లదు. మళ్లీ కాగితం, మళ్లీ సంతకాలు, మధ్యలో రెండో లాక్‌డౌన్. చివరికి జులైలో ఆయన ఖాతాలో రూ. 39,600 పడ్డాయి. కథ చెప్పిన పదిహేడు నెలలకు. ఈలోగా ఆయన చెప్పిన కథ నా థీసిస్‌లో మూడో అధ్యాయమైంది.

ఆ ఆదివారం నేను ఊళ్లోనే ఉన్నాను. కాక పొద్దున్నే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, తువ్వాల ముడి విప్పి, నోట్ల కట్ట తీసి నా ముందు పెట్టాడు.

"మన లెక్క నలభై వేలు. ముందుగాల నువ్వు తెచ్చిచ్చినయి ఇరవై. ఇప్పుడు పడ్డయి ముప్పై తొమ్మిది వేల ఆరు నూర్లు. ఎక్కువ పంపిండ్రు బిడ్డా. గివి పందొమ్మిది వేల ఆరు నూర్లు, వాళ్లయి వాళ్లకు ముట్టజెప్పు."

ఆ ఐదు వందల బయానా లెక్కలోకి రాదు, బయానా వేరు. నాలుగు వందల పన్ను సంగతి ఆయనకు తెలియదు.

నేను నోరు తెరిచాను. అవి నావీ అమ్మవీ అని చెప్పాలనే. కానీ ఆ గోడ మీది సర్టిఫికెట్ గుర్తొచ్చింది. తప్పు పేరుతోనే, ఫ్రేము కట్టించి, మల్లన్న పటం పక్కన పెట్టుకున్నాడు. కరోనాలో కూడా మరవలేదని ఊరంతా చెప్పుకున్నాడు. అమ్మ వైపు చూశాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"ఉండనీ కాకా, మీకు ఆలస్యమైంది కదా, అందుకే..."

"అట్లెట్ల? వాళ్ల పైసలు మనకెందుకు? రేపు లెక్కల తేలితే నీ పేరే పోతది." కట్ట నా చేతిలో పెట్టి లేచాడు. "ముట్టినట్టు కాయితం మాత్రం తీస్కరా. స్టాంపు ఉండాలె."

సంక్రాంతికి పట్నం వేయడానికి వచ్చినప్పుడు, పిండి జల్లుతూ తల ఎత్తకుండానే అడిగాడు: "కాయితం వచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలే కాకా" అన్నాను. "ఫైలు నడుస్తుంది."