ఈస్టు పొట్లం, ఈత కల్లు



క్రిస్మస్ దగ్గర పడిందంటే మన ఇళ్లలో గరిజెలు, సకినాలు, అరిసెలు మొదలవుతాయి. ఈసారి ఆదివారపు బడి పిల్లలు మాత్రం డోనట్లు కావాలన్నారు. వికారాబాద్ వెళ్లినప్పుడు బేకరీ అద్దాల వెనుక చూశారట. అరవై మంది పిల్లలకు బేకరీలో కొనడం మా వల్ల అయ్యే పని కాదు గనుక ఇంట్లోనే చేశాం. చేసే విధానం చెప్పమని చాలామంది అడిగారు. దానితోపాటు లేచిన ఒక తగువును గురించి కూడా రాస్తున్నాం. ఆ ఇద్దరు సహోదరులూ రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

మొదట పిండి సంగతి. అర కిలో మైదాకు పావు లీటరు పాలు, ఒక గుడ్డు, 80 గ్రాముల చక్కెర, 50 గ్రాముల వెన్న, అర చెంచా ఉప్పు, 7 గ్రాముల డ్రై ఈస్టు. ఎనిమిది యాలకులు దంచి వేయాలి, జాజికాయ రెండు చిటికెలు గీకి వేయాలి. దాల్చినచెక్క పొడి పిండిలో ఎక్కువ వేయవద్దు, అది ఎక్కువైతే ఈస్టు పని మందగిస్తుంది. వేయించాక పైన చల్లే చక్కెరలో కలపండి, వాసనకు ఏ లోటూ ఉండదు. పాలు కాచి చల్లార్చి, వేలు ముంచితే వెచ్చదనం తెలిసీ తెలియనట్లు ఉన్నప్పుడే ఈస్టు వేయాలి. ఈస్టు ప్రాణమున్నది, మరీ వేడిపాలలో చచ్చిపోతుంది.

మన వంటింటి గట్లు చాలావరకు తాండూరు నాపరాళ్లే. పిండి మర్దనకు అంత నున్నటి రాయి ఇంకెక్కడ దొరుకుతుంది! కానీ డిసెంబరులో అనంతగిరి వైపు నుంచి చలిగాలి కొడుతుంటే ఆ రాయి మంచుగడ్డలా ఉంటుంది, పిండిలోని వేడిని లాగేస్తుంది. అందుకే పది నిమిషాలు బాగా పిసికిన వెంటనే పిండిని గిన్నెలో వేసి, తడిగుడ్డ కప్పి, ఆరిన పొయ్యి పక్కన పెట్టాం. ఎండాకాలంలో గంటలో పొంగే పిండికి రెండు గంటలు పట్టింది. తర్వాత అర అంగుళం మందాన ఒత్తి, స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, నడుమ సీసా మూతతో చిల్లు పెట్టాలి. మరో ముప్పావు గంట వదిలేయాలి. ఈ రెండో పొంగు దగ్గరే అందరికీ తొందర. తొందరపడితే గారె అవుతుంది గానీ డోనట్ కాదు.

ఇక తగువు.

మా సంఘంలో ఒక గీత కార్మికుని కుటుంబం ఉంది. మేము ఈస్టు కొనబోతున్నామని విని ఆ సహోదరుడు ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, పైసలెందుకు? తెల్లారుజామున ఈత కల్లు ఒక చెంబెడు తెస్త. పిండి మస్తు పొంగుతది" అన్నాడు. ఆయన మాట నిజం. కల్లులో పుట్టేదీ ఈస్టే. కేరళలో అప్పాలకు, గోవాలో సన్నాలకు కల్లుతో పిండి పులియబెట్టడం పాత అలవాటు. ఆయనది మందు కలిపిన కల్లు కాదు, చెట్టు కల్లు. పైగా నూనెలో వేగాక మత్తు ఏపాటి మిగులుతుంది? పొట్లంలోని ఈస్టు వేసినా పిండి పులిసేటప్పుడు కొంచెం మద్యం పుడుతుంది, గాలి కూడా అప్పుడే పుడుతుంది. వాక్యం తెరిచినా ఆయన పక్షమే బలంగా కనబడింది. ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో పులిసిన పిండి దాచిపెట్టిన ఉపమానం (మత్తయి 13:33) మనకు తెలిసిందే. మూడు కుంచములంటే వందమందికి పైగా తినే రొట్టె! ఆమెకు పొట్లాలు లేవు.

కానీ వండడానికి మా ఇంటికి రాబోయేవారిలో ఇంకో సహోదరుడున్నాడు. కల్తీ కల్లుకు అలవాటుపడి, మానేసినప్పుడు చేతులు వణికి, మాట తడబడి, ఆసుపత్రిలో పడుకొని లేచినవాడు. మానేసి అప్పటికి నాలుగు నెలలు. అతని భార్య మా దగ్గర మెల్లగా అన్నది: "అమ్మగారూ, తింటే ఏం గాదు. ఆ వాసనకే నాకు భయం." పులుస్తున్న కల్లు పిండి రెండు గంటలు ఇంటినంతా నింపుతుంది. ఆ వాసన అతనికి ఏ దారి గుర్తు చేస్తుందో మనకు తెలియదు, ఆమెకు తెలుసు.

రోమా 14వ అధ్యాయం రాత్రి ఇద్దరం చదువుకున్నాం. అక్కడ పౌలు భోజనం అపవిత్రమని అనడు. పక్కన కూర్చున్నవాడిని చూడమంటాడు. ఈస్టు పొట్లమే కొన్నాం. కష్టమంతా ఆ మాట గీత కార్మికునికి చెప్పడంలోనే. ఆయన తాతల నాటి నుంచి చెట్టు ఎక్కి బతికినవారు. "నీ కల్లు వద్దు" అంటే "నీ బతుకు వద్దు" అన్నట్లు వినబడుతుంది. అందుకే కబురు పంపకుండా ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లి, కారణం దాచకుండా చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడు నాతాన గూడ తాగిండు అయ్యగారూ" అన్నాడు. దానికి మేమేమీ జవాబు చెప్పలేదు.

1917లో ఫ్రాన్సు యుద్ధరంగంలో రక్షణ సైన్యపు స్త్రీలు సైనికులకు డోనట్లు వేయించి పెట్టారు. అప్పడాల కర్ర లేక ఖాళీ ద్రాక్షారసపు సీసాతో పిండి ఒత్తారని చెప్పుకుంటారు. మద్యం ముట్టనివారి చేతిలో ఆ సీసా! ఈ సంగతి వంట దగ్గర చెప్తే ముందు నవ్వింది మానేసిన ఆ సహోదరుడే.

కందికట్టె పొయ్యి మీద వేయించాం. కందికట్టె భగ్గున మండి చప్పున ఆరుతుంది గనుక ఒకరు మంట దగ్గరే ఉండాలి. చిన్న పిండిముక్క వేస్తే అది అడుగున ఒక క్షణం ఆగి, బుడగలతో పైకి రావాలి, అదే సరైన వేడి. వెంటనే నల్లబడితే కట్టె వెనక్కి లాగాలి. ఒక్కో వైపు నిమిషం పైన చాలు. అర కిలోకు ఇరవై దాకా వచ్చాయి, మేము రెండు కిలోలు కలిపాం. గీత కార్మికుడు, భార్య ఇద్దరూ వచ్చారు. కల్లు తేలేదు. వేయించినవి ఆరబెట్టడానికి కొత్త ఈతాకు చాప తెచ్చి పరిచారు. మంట దగ్గర ఆయన, చిల్లుల దగ్గర ఆ సహోదరుడు. ఏం మాట్లాడుకున్నారో పొగలో మాకు వినబడలేదు.

జనవరి 1 ఆరాధన తర్వాత పెద్దల కోసం ఇంకో విడత వేయించాలని అనుకుంటున్నాం. కంది కోత అయినవారి దగ్గర ఎండిన కట్టె మిగిలితే రెండు మోపులు పంపండి. మొన్నటిది అయిపోయింది.