జిద్దాలో ఇల్లు మారిన సముద్రం

ఉమ్రాకు బయలుదేరే మనవారిలో చాలామందికి జిద్దా అంటే విమానం దిగి బస్సు ఎక్కే చోటు మాత్రమే. మనసంతా మక్కా వైపే ఉంటుంది గనుక ఆ నగరాన్ని చూసే తీరిక చిక్కదు. క్రీ.శ. 647లో మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దీనిని మక్కాకు రేవుగా నిర్ణయించిన నాటి నుంచి, ఎర్ర సముద్రం మీదుగా వచ్చిన హాజీలకు ఇదే తొలి మజిలీ. గత ప్రయాణంలో మేము తిరుగు విమానానికి ముందు నాలుగు రోజులు అక్కడ ఆగాము. చూడదలచింది పాతబస్తీని. దానితోపాటు, ఒక సముద్రం ఇల్లు మారడం కూడా చూశాము.

పాతబస్తీని అల్-బలద్ అంటారు. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పాత ఇళ్ల గోడలు పగడపు రాళ్లతో కట్టినవి. సముద్రం నుంచి తవ్వి తెచ్చిన ఆ రాళ్ల నడుమ చెక్క దూలాలను అడ్డంగా పేర్చి మేడలు లేపారు. గోడకు దగ్గరగా నిలబడితే పగడపు జీవులు కట్టుకున్న సన్నని గూళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కిటికీలకు రోషన్ అనే చెక్క జాలీలు. పంతొమ్మిదవ శతాబ్దపు నసీఫ్ భవనం ముందు ఒక వేపచెట్టు ఉంది. చాలాకాలం ఆ బస్తీ మొత్తానికి అదొక్కటే చెట్టని చెబుతారు. మన ఊరి చెట్టును అంత దూరాన చూసినప్పుడు కలిగే సంతోషం వేరు.

మాకు ఆతిథ్యమిచ్చింది గుంటూరు నుంచి వెళ్లి స్థిరపడిన మా పినతల్లి కుమారుడు. మేము వెళ్లిన వారంలోనే ఆ కుటుంబం అజీజియా ప్రాంతం నుంచి నగరానికి ఉత్తరాన ఉన్న మరో ఇంటికి మారుతున్నది. మంచాలు, బీరువాలు, వంటసామాను గురించి ఎవరికీ దిగులు లేదు. దిగులంతా హాలులోని రెండు వందల లీటర్ల ఉప్పునీటి గాజుతొట్టి గురించే. అందులో ఏడు చేపలు, ఒక సముద్రపు ఎనిమోన్, సుమారు ముప్ఫై కిలోల రాళ్లు ఉన్నాయి. కొత్త ఇంట్లో నాలుగు వందల లీటర్ల తొట్టి సిద్ధంగా ఉంది. అయితే ఇక్కడి జీవాలు అక్కడికి ప్రాణాలతో చేరాలి.

ఆ రాళ్లను లైవ్ రాక్ అంటారు. రాయికి ప్రాణముంటుందని కాదు. చనిపోయిన పగడపు అస్థిపంజరమే ఆ రాయి. అల్-బలద్ గోడల్లో చూసింది కూడా దాదాపు అదే పదార్థం. తేడా ఏమిటంటే, తొట్టిలోని రాయి సూక్ష్మజీవులకు నివాసం. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. రాతిని అంటిపెట్టుకున్న బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. రాతి లోపలి గాలి సోకని రంధ్రాల్లో ఉండే మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. ఖాళీ తొట్టిలో ఈ వ్యవస్థ ఏర్పడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత రాయిని తడి ఆరకుండా తెచ్చుకుంటే అంత కాలం ఆగనవసరం లేదు. ఎండనిస్తే మాత్రం దానిలోని జీవులన్నీ చచ్చి, కుళ్లి, ఆ రాయే అమ్మోనియాను పుట్టిస్తుంది.

నీటి పని ముందు రోజే మొదలైంది. జిద్దా కుళాయిల్లో వచ్చేది ప్రధానంగా ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఒట్టోమన్ల కాలం చివరలోనే ఈ రేవులో సముద్రపు నీటిని కాచి మంచినీరు తీసే యంత్రాన్ని నెలకొల్పారు. దానిని కందాసా అనేవారు. అంత శ్రమపడి ఉప్పు తీసిన నీటిని మా తమ్ముడు మరోసారి వడగట్టి, లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండు వందల లీటర్లకు ఏడు కిలోల ఉప్పు కలుపుతుంటే మాకు నవ్వు వచ్చింది. బయట ఎర్ర సముద్రంలో ఆ లెక్క 40 గ్రాముల దాకా ఉంటుంది. కానీ ఈ చేపలు దుకాణం నాటి నుంచి 35కు అలవాటుపడ్డవి. పాత నీటికీ కొత్త నీటికీ ఉప్పదనంలో, వేడిమిలో తేడా ఉండకూడదని అతడు రాత్రంతా పంపు తిప్పుతూనే ఉంచాడు.

మరునాడు ఫజ్ర్ తరువాత పని ఆరంభమైంది. ముందుగా పాత తొట్టి నుంచి నూట యాభై లీటర్ల స్వచ్ఛమైన నీటిని గొట్టంతో డబ్బాల్లోకి తీశారు. తరువాత రాళ్లు. ఒక్కొక్క రాయిని మూతలున్న పెట్టెల్లో అదే నీటిలో ముంచి ఉంచారు. ఎనిమోన్‌ను రాతి నుంచి పీకలేదు. దాని పాదం చిరిగితే బతకడం కష్టం గనుక, అది పట్టుకున్న రాయితో సహా ఎత్తారు. రాళ్లు పోయాక చేపలకు దాక్కునే చోటు ఉండదు. అప్పుడు వలతో పట్టడం తేలిక. ఎర్ర సముద్రపు రెండు చారల క్లౌన్ చేపల జంట మొదట దొరికింది. అడుగు ఇసుకను వెంట తీసుకుపోలేదు. ఏళ్ల తరబడి దానిలో పేరుకున్న మురికి కదిలితే కొత్త నీరంతా పాడవుతుంది.

ఆరు చేపలు పెట్టెల్లోకి చేరాయి. ఏడవది లేదు. అది వేలెడంత పసుపు చేప. మా తమ్ముడి పదేళ్ల కూతురు దానికి రోజూ తన చేతితో మేత వేసేది. తొట్టి అడుగున లేదు, పంపు గూటిలో లేదు. పాప ముఖం చూడలేక మా మరదలు వంటగదిలోకి వెళ్లింది. చివరకు మా తమ్ముడు రాళ్ల పెట్టెలు మళ్లీ తెరిచి, ఒక్కొక్క రాయిని బకెట్టు మీద వంచి పట్టుకున్నాడు. తొమ్మిదో రాతి రంధ్రం నుంచి నీటితోపాటు అది జారిపడింది. "అల్‌హమ్దులిల్లాహ్!" అని అందరి నోటా ఒకేసారి వచ్చింది.

కారులో ఏసీ పెంచి, పెట్టెలకు బ్యాటరీ ఎయిర్ పంపులు అమర్చి కార్నిష్ వెంట వెళుతుండగా పాప అడిగింది: "అబ్బూ, సముద్రం ఇక్కడే ఉంది కదా, వీటిని వదిలేద్దామా?"

"వద్దమ్మా," అన్నాడు తండ్రి. "వీటిలో కొన్ని ఈ సముద్రానివి కావు. తొట్టిలో వీటికి ఏ జబ్బు అంటిందో మనకు తెలియదు. అది అక్కడి చేపలకు సోకుతుంది."

ఆ మాటలో నిజముంది. మన వైపు సముద్రాలకు చెందిన లయన్ ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనిపించింది. ఇళ్ల తొట్ల నుంచే అది అక్కడికి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నేడది కరేబియన్ అంతటా వ్యాపించి అక్కడి చిన్న చేపలను మింగుతున్నది. జాలితో చేసిన పని కూడా మరొక ప్రాణికి కీడు కావచ్చు.

అస్ర్ నాటికి కొత్త తొట్టిలో కొత్త ఇసుక, దానిమీద రాళ్లు, ఆపై పాత నీరు, కొత్త నీరు చేరాయి. చేపలు చివర. వాటి పెట్టెల్లోకి కొత్త నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా గంటసేపు వదిలి, ఆ తరువాతే లోపలికి దించారు. ఆ రాత్రి దీపాలు వెలిగించలేదు, మేత వేయలేదు. మూడవ రోజు పరీక్షలో అమ్మోనియా లేశమాత్రంగా కనిపించింది. నలభై లీటర్ల నీరు మార్చారు. మేము స్వదేశం చేరిన వారానికి ఫోన్ వచ్చింది. అమ్మోనియా సున్నాకు దిగింది, ఏడు చేపలూ క్షేమం.

ఇటువంటి తొట్టిని ఇంట పెట్టుకోవాలని ముచ్చటపడే పాఠకులు ఒక విషయం గమనించాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడపు దిబ్బలను నిర్మించే పగడాలకు 2001 నుంచి అత్యున్నత రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖలోగానీ, అండమాన్‌లోగానీ వాటిని తీయడం, కొనడం, అమ్మడం నేరం. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు పిల్లలు ఏరుకున్న పగడపు ముక్కను సైతం పెట్టెలో పెట్టుకోరాదు.

ఈ సంగతి మా తమ్ముడికి తెలుసు. ఇఖామా ముగిసి గుంటూరు తిరిగి వచ్చే రోజున ఈ తొట్టి వెంట రాదు. అందుకే తన తరువాత దానిని ఎవరు చూసుకోవాలో కొత్త ఇంటి పొరుగువారితో అతడు అప్పుడే మాట్లాడి పెట్టుకున్నాడు.