మంచుక్రింద విత్తనములు

న్యూజెర్సీ రాష్ట్రమునకు ‘తోటల రాష్ట్రము’ అని బిరుదు కలదు. అచ్చటి మోటారుబండ్ల వెనుకపలకలమీద అంకెల క్రింద ఆ మాటయే వ్రాసియుండును. మార్గశిరమాసమున నేనచ్చట దిగినప్పుడు మాత్రము ఆ బిరుదు ఎవరో పరిహాసమున కిచ్చిరేమో యని తోచినది. విమానాశ్రయము మొదలు మా చెల్లెలి యింటివఱకు, దేవదారుజాతి వృక్షములు తప్ప, ఆకున్న చెట్టు కంటబడలేదు. మేపిళ్లు, ఓకులు అన్నియు చీపురుపుల్లలు నిలువబెట్టినట్లుండెను. సాయంకాలము నాలుగున్నరకే చీకటి పడెను.

మా తల్లిగారు లేరు గనుక చెల్లెలికి పురుడు పోయుటకు నేనే పోవలసి వచ్చినది. మావారు బడిపంతులు, బడి విడిచి కదలుటకు వీలులేదు. కావున ఒంటిగానే విమాన మెక్కితిని. మంచన్నచో నాకు తెలిసినది మనుచరిత్రములోనిదే. హిమాలయములను చూడబోయిన ప్రవరుని పాదలేపము మంచునకు కరగిపోయిన ఘట్టము మా తాతగారు చదివి చెప్పునపుడు, ఆ బ్రాహ్మణుని తొందర నాకు నవ్వు పుట్టించెడిది. ఎడిసనులో మొదటిమంచు పడిననాడు గుమ్మము దాటి నాలుగడుగులు వేసి, మఱి యింటికెట్లు పోవుదునా యని నిలిచిపోయినప్పుడు ఆయనపై జాలి కలిగినది.

ఎడిసను మనవారికి పరాయిపట్టణ మనిపించదు. ఓక్ ట్రీ రోడ్డను వీధిలో కందిపప్పు, చింతపండు, ఇడ్లీపాత్రలు, పట్టుచీరలు అన్నియు దొరకును. గుడులు కలవు. పేరంటములు జరుగును. కాని ఇండ్ల పెరళ్లకు ప్రహరిగోడలు లేవు. ఒకరి పెరడు మఱియొకరి పెరటిలో కలిసిపోవును. అందువలననే పొరుగింటి వృద్ధురాలి పెరటిలోని వింత మొదటినాడే మా కంటబడినది. మంచులో వరుసగా ఇరువదికి పైగా ఖాళీ పాలడబ్బాలు నిలువబెట్టియుండెను. చూచినవారెవ్వరైనను చెత్తబండికొఱకు పెట్టినవనియే యనుకొందురు.

‘అవి ఆమె తోట, అక్కా!’ అని మా చెల్లెలు చెప్పినది.

ఆ వృద్ధురాలు మంచి మాటకారి. నాకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే యైనను, చేతితో చేయు పనికి మాటలు ఎన్ని కావలెను? డిసెంబరు 21వ తేదీన, అనగా ప్రొద్దు మరల పొడవగుట కారంభించు దినమున, ఆమె మా యింటికి వచ్చి వంటయింటి బల్లమీద మాచేత పదునొకండు డబ్బాలు చేయించినది.

ఆ దేశమున పాలను గాలను డబ్బాలలో అమ్మెదరు. గాలనన్న మన కొలతకు ఇంచుమించు 3.8 లీటర్లు. డబ్బా పలుచని ప్లాస్టిక్కుతో చేయబడి వెలుతురును లోనికి రానిచ్చును. ఒక ప్రక్క పిడి యుండును. పెరుగు తోడువేసికొను మనవారి యింట ఇట్టి డబ్బాలకు కొదువ లేదు. డబ్బాను కడిగి, అడుగున వేడిచేసిన కడ్డీతో పది పండ్రెండు రంధ్రములు పొడువవలెను. తరువాత పిడికి దిగువగా చుట్టును కత్తితో కోయవలెను. పిడిక్రింద మాత్రము రెండంగుళముల మేర విడిచినచో అదియే బందువలె పనిచేసి, పైభాగము పెట్టెమూతవలె తెఱచుకొనును. లోపల మూడు నాలుగంగుళముల మన్ను నింపవలెను. పెరటిమన్ను పనికిరాదు, అది తడిసి ఎండి గట్టిపడును, దానిలో కలుపువిత్తులును ఉండును. కుండీలకని అంగళ్లలో అమ్ము తేలికమన్నే తగినది. దానిని బాగుగ తడిపి, నీరోడిన పిమ్మట విత్తనములు చల్లి, నలుసువంటివానిని వ్రేలితో అదిమి విడిచి, పెద్దవానిపై వాని మందమున మన్ను కప్పి, డబ్బా మూసి, కోసినచోట టేపు చుట్టవలెను. పైనున్న చిన్నమూత మాత్రము తీసివేయవలెను. ఆ నోటిగుండనే వానయు మంచును లోనికి దిగును. ఎండనాడు వేడి వెలికి పోవును.

పిదప డబ్బాను ఎండ తగులు తావున బయటపెట్టి ఊరకుండవలెను. మనబోటి గృహిణులకు కష్టమైన పని యదియే.

పేరు వ్రాయుటలో చాలమంది దెబ్బతిందురని ఆమె హెచ్చరించినది. డబ్బాపై సామాన్యపుసిరాతో వ్రాసినది మూడునెలల ఎండకు వెలిసిపోవును. కావున పేరు వ్రాసిన ముక్కనొకదానిని లోపల మన్నులో గూడ గ్రుచ్చవలెను.

చలిదేశములలో అద్దపుమూతల పెట్టెలలో నారు పోయుట పాతయలవాటే. ఖాళీడబ్బాలతో చేయు ఈ పద్ధతికి ‘శీతకాలపు విత్తుట’ యని పేరుపెట్టి వ్యాపింపజేసినది న్యూయార్కునకు తూర్పున నున్న లాంగ్ ఐలెండు నివాసిని ట్రూడీ డేవిడాఫ్. ఇంటిలోపల నారు పెంచవలెనన్నచో విద్యుద్దీపములు, అరలు, స్థలము కావలెను. చంటిబిడ్డ రాబోవు చిన్నయింట అవి యెక్కడ పెట్టుదుము?

ఇంత చలిలో విత్తనము చావదా యని నేనడిగితిని. కొన్ని విత్తనములకు చలి లేకున్ననే మొలక లేదని సమాధానము వచ్చినది. శరత్కాలమున రాలిన గింజ వెంటనే మొలచినచో ఆ లేతమొలక మంచుకు చచ్చును గదా. అందుచే అట్టి విత్తనములలో మొలకను ఆపు ఆబ్సిసిక్ ఆమ్లమను రసముండును. తడితోగూడిన చలి నెల రెండునెలలు తగిలిన పిమ్మట అది తగ్గి, మొలకను ప్రేరేపించు జిబ్బరెల్లిను హెచ్చును. ఎండుచలి యెంత యున్నను ఈ పని జరుగదు, తడి యుండవలెను. పైగా రాత్రి గడ్డకట్టి పగలు కరగుటచే గింజల గట్టిపెంకు మెత్తబడును. మంచుకూడ శత్రువు కాదు. డబ్బాలపై పడిన మంచు బొంతవలె కప్పుకొని, చలిగాలి నేరుగా తగులకుండ కాపాడును.

మేము వేసినవానిలో మిల్కువీడను మొక్క యొకటి. దాని విత్తనములను వృద్ధురాలు సంచిలోనుండి తీయగనే నాకు ప్రాణము లేచివచ్చినది. చదునైన గోధుమరంగు గింజ, కొనను పట్టువంటి తెల్లని కుచ్చు! మన పుట్టలప్రక్క పెరుగు జిల్లేటికాయ పగిలినప్పుడు గాలిలో తేలు గింజ కాదా? విచారింపగా రెండును ఒక్క కుటుంబములోనివే యట. త్రుంచిన పాలు కారును, ఆ పాలు విషము. మొనార్కు సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టునది మిల్కువీడు మీదనే. దాని పురుగులు మఱియొక ఆకు తినవు. మన జిల్లేటిమీద నారింజవన్నెతో నల్లని అంచుతో వ్రాలు చిలుక కూడ మొనార్కునకు దగ్గఱి చుట్టమే. ఆ మొనార్కులు శరత్తున వేలమైళ్లు ఎగిరి మెక్సికో కొండలలో శీతకాలము గడుపును. ఆ తావులు 1975లో గాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు. మఱియొక ముచ్చట మావారికి ఉత్తరములో వ్రాసితిని. యుద్ధకాలమున జావానుండి బూరుగుదూది రాక ఆగిపోగా, 1944లో అమెరికాలోని బడిపిల్లలు పొలములవెంట తిరిగి మిల్కువీడు కాయలు సంచులతో ప్రోగుచేసిరట. ఆ దూదిని నావికులు తొడుగుకొను తేలుచొక్కాలలో నింపిరి. రెండు సంచులతో ఒక ప్రాణము నిలుచునని పిల్లలకు చెప్పెడివారట.

పుష్యమాసమున మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టినది. రథసప్తమినాటికి బిడ్డకు నెల నిండలేదు. ఆనాడు స్నానమునకు ఏడు జిల్లేడాకులు కావలెనని చెల్లెలు పట్టుపట్టినది. అడుగులోతు మంచులో జిల్లేడెక్కడ? కిటికీ యొద్ద నిలుచుండి మిల్కువీడు డబ్బాను చూపి, ‘మన జిల్లేటి పినతల్లిబిడ్డ అందులో నిద్రపోవుచున్నది, ఈ యేటికి దానికే నమస్కరింపుము’ అంటిని. నవ్వినది గాని కంట నీరుకూడ తిరిగినది.

దానికి అసలు బెంగ గోంగూర మీద. టెక్సాసులోని స్నేహితురాలొకతె ఇరువది గోంగూరగింజలు పంపియుండెను. నే నింటినుండి గింజలు తేలేదు. అనుమతియు, తెగులు లేదను ధ్రువపత్రమును లేనిదే ఆ దేశములోనికి విత్తనములు తీసికొనిపోరాదు. కొంగున ముడివేసికొని పోవుద మనుకొను సోదరీమణు లుందురు గాని అది తగదు. గింజవెంట పోయిన పురుగు ఒకరి పొలమును మాడ్చగలదు. కాబట్టి ఆ ఇరువది గింజలే మా చెల్లెలికి ధనము. డబ్బాలు చేసిననాడే వానినిగూడ అందులో వేసెదనని పట్టుకొని కూర్చున్నది.

‘ఈ మొక్క పుట్టినచోట చెఱువులు గడ్డకట్టునా?’ అని వృద్ధురాలు అడిగినది.

సంక్రాంతినాటి తెల్లవాఱుజామున నోట పొగ వచ్చినచో మాకదియే గొప్పచలి యని చెప్పితిని. ‘అట్లయిన దీనిని లోపలనే ఉంచుడు’ అని ఆమె తీర్పు చెప్పినది. మిల్కువీడు, కేలు, లెట్యూసు, స్పినాచి, మన కొత్తిమీర మంచునకు ఓర్చును. టమాటాను మార్చి కడపట డబ్బాలో వేయవచ్చును. వంగ, మిరప, గోంగూర చలిమన్నులో కుళ్లిపోవును. మా చెల్లెలు ఒప్పుకొనలేదు. ‘ఐదైనను వేసి చూతము అక్కా! చలి ఓర్చుకొనుట నేను నేర్వలేదా?’ అన్నది. గింజకు నేర్పుట యెట్లని నే ననబోయి, నిండుచూలాలి ముఖము చూచి ఊరకుంటిని. ఐదు గింజలు పదునొకండవ డబ్బాలోనికి పోయినవి. పదునైదు పోపులపెట్టెలో దాచితిమి.

ఫిబ్రవరి కడపట నాలుగుదినములు వెచ్చగా కాచినది. కేలు, లెట్యూసు, కొత్తిమీర డబ్బాలలో మొలకలు లేచినవి. ఐదవనాటి రాత్రి మరల నీరు గడ్డకట్టు చలి దిగినది. చెల్లెలు బిడ్డను నా ఒడిలో వేసి, డబ్బాలు లోనికి తెచ్చెదనని చెప్పులు తొడుగుకొనుచుండెను. పచ్చిబాలింత మంచులోనికి పోవుట యేమి! తలుపు కడ్డము నిలిచితిని. వృద్ధురాలికి ఫోను చేయగా, లోనికి తేవలదు, పాతదుప్పటి కప్పుడనినది. ఇంటివేడికి అలవడిన మొలక మరల చలి కాగలేదట. మఱదిగారు దీపము పట్టగా నేనే పోయి కప్పితిని. ఆ రాత్రి మూడు దుప్పట్లలో బిడ్డ, ఒక్క దుప్పటిలో పది కుటుంబములు! మఱునాటి ప్రొద్దున చూడగా కొత్తిమీర నేలకంటి పడియుండెను. దానికి తిలోదకములే యనుకొనిరి అందఱును. ఎండ తగిలి మధ్యాహ్న మగుసరికి లేచి నిలుచున్నది. స్పినాచి డబ్బా యొక్కటి మాత్రము పోయినది. చలికి కాదు; చూరు క్రింద పెట్టుటచే కరగిన మంచునీరు దానిలో నిలిచిపోయినది.

ఏప్రిలునుండి పగటిపూట మూతలు తెఱచి నీరు పోయవలసి వచ్చినది. బయటనే పుట్టిపెరిగిన నారు గనుక, లోపలి నారువలె ఎండకు గాలికి మెల్లమెల్లగా అలవాటు చేయు శ్రమ లేదు. మన్ను నంతయు బర్ఫీవలె ముక్కలు కోసి, ముక్క కొకచోట నాటితిమి. మిల్కువీడు ఏప్రిలు మూడవవారమున రెండేసి ఆకులతో లేచినది. అప్పటికి మేపిళ్లు చిగిర్చినవి, చెఱ్ఱీచెట్లు పూచినవి. తోటల రాష్ట్రమను బిరుదు పరిహాసము కాదని అప్పుడు తెలిసినది.

పదునొకండవ డబ్బాను మే మొదటివారమున చెల్లెలే త్రవ్వి చూచినది. ఐదు గింజలును మెత్తబడి మన్నులో కలిసిపోయినవి. ఏమియు ననలేదు. పోపులపెట్టెలోని పదునైదింటిని ఏప్రిలు కడపట వంటయింటి కిటికీలో నాటియుంటిమి. వారమునకు పండ్రెండు మొలచినవి. రాత్రులు వెచ్చబడిన పిమ్మట, మే మూడవవారమున వానిని పెరటిలో పెట్టితిమి.

అయినను చిక్కు తీరలేదు. పగలు కుఱచయైననే గాని గోంగూర పూయదు. అచ్చట పూవు కనబడునప్పటికి అక్టోబరు మంచు దాపురించును. గింజ ముదురుట అరుదు. కూర దొరకును గాని విత్తనము దొరకదు. అందుచే వృద్ధురాలు ఒక యుపాయము చెప్పినది. ఒక్క మొక్కను కుండీలోనే పెంచి, తొలిమంచునకు ముందే ఇంటిలోనికి తెచ్చి దక్షిణపు కిటికీలో నుంచినచో కాయ ముదురవచ్చును. ఆ పండ్రెండింటిలో దిట్టమైన మొక్కను చెల్లెలు ఏఱి ప్రక్కన పెట్టినది. దానికి రెండడుగుల లోతైన కుండీ కొనుమని మఱదిగారితో చెప్పి, మే కడవారమున నేను బయలుదేఱితిని.