లెక్కలు రాసిన చేతులు

అమెరికా అధ్యక్షుడొకరి పతనానికి దారితీసిన ఉదంతాన్ని చిత్రించిన ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’లో అధ్యక్షుడి పాత్రను ధరించిన నటుడు లేడు. అలన్ జె. పకూలా దర్శకత్వంలో 1976లో విడుదలైన ఈ చిత్రంలో రిచర్డ్ నిక్సన్ వార్తాదృశ్యాలలో మాత్రమే కనిపిస్తాడు. కథంతా గుమాస్తాలది, లెక్కలు రాసేవారిది, వారి తలుపులు తట్టిన ఇద్దరు విలేకరులది.

1972 జూన్ 17 వేకువజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమొక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలో అయిదుగురు పట్టుబడ్డారు. తలుపుకు అంటించిన టేపును గమనించి పోలీసులకు కబురంపినవాడు కాపలాదారు ఫ్రాంక్ విల్స్. చిత్రంలో ఆ పాత్రను ఆయనే ధరించాడు. ‘వాషింగ్టన్ పోస్ట్’ విలేకరులు బాబ్ వుడ్‌వర్డ్‌గా రాబర్ట్ రెడ్‌ఫర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్‌గా డస్టిన్ హాఫ్‌మన్ నటించారు.

వారి పరిశోధనలో సాహసం కన్న ఓర్పే ఎక్కువ. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇద్దరూ పాఠకుల చీటీలను ఒక్కొక్కటిగా తిరగవేస్తుంటే, కెమెరా మెల్లగా గుమ్మటం దాకా లేస్తుంది. మనుషులు చుక్కలైపోతారు. ఇంత శ్రమకూ దక్కినది శూన్యం. పాత దస్త్రాలు శోధించినవారికి ఆ శూన్యం పరిచితమే. మరొకచోట మాత్రం కాగితం నోరు విప్పుతుంది: నిక్సన్ ఎన్నికల నిధికి చెందిన 25,000 డాలర్ల చెక్కు, పట్టుబడినవారిలో ఒకని బ్యాంకు ఖాతాలో జమ అయినట్లు తేలుతుంది.

చిత్రానికి ప్రాణమనదగిన ఘట్టం ఒక ఇంటి గదిలో జరుగుతుంది. నిక్సన్ పునరెన్నిక కమిటీలో లెక్కలు రాసిన మహిళకు రహస్యనిధి సంగతి తెలుసు. ఆమెకు భయమూ ఉన్నది, అంతరాత్మా ఉన్నది. పేర్లు చెప్పదు, పొడి అక్షరాల దాకా వస్తుంది. జేన్ అలెగ్జాండర్ ఆ సంకోచాన్ని కంటిచూపులోనే నిలిపింది.

విలేకరుల తొందరపాటునూ చిత్రం దాచలేదు. అధ్యక్షుడి ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌కు రహస్యనిధిపై అధికారమున్నదన్నది నిజమే. గ్రాండ్ జ్యూరీ ఎదుట ఒక సాక్షి ఆ మాట చెప్పినాడని రాయటం పొరపాటు. నిజమైన విషయానికి లేని సాక్ష్యాన్ని జోడిస్తే నిజమే బలహీనపడుతుందని చరిత్రకారులకు తెలుసు.

1974 ఆగస్టు 9న నిక్సన్ పదవి వదిలాడు. అది ఒక్క పత్రిక సాధించిన ఫలితం కాదు. సెనేట్ విచారణ, న్యాయస్థానాలు, సంభాషణల టేపులు అప్పగించవలసినదేనన్న 1974 జులై నాటి సుప్రీంకోర్టు తీర్పు కలిస్తేనే అది సాధ్యమైనది. వుడ్‌వర్డ్‌కు చీకటిలో దారి చూపిన అజ్ఞాతవ్యక్తి, ఎఫ్.బి.ఐ.లో రెండవ స్థానంలోని అధికారి మార్క్ ఫెల్ట్ అని 2005లో వెల్లడయినది.

ఫెల్ట్‌ది పెద్ద పదవి. లెక్కలు రాసిన ఆమెకు పదవీ లేదు, అండా లేదు. యజమాని పట్ల విధేయత, తాను చూసిన లెక్క పట్ల విధేయత ఎదురెదురుగా నిలిచిన రాత్రి ఆమె రెండవదానివైపు ఒక్క అడుగు వేసింది. ఆ అడుగే పడకపోతే, తలుపు తట్టిన విలేకరులు వట్టి చేతులతో వెనుదిరిగేవారు.