అమ్మ చీరకి కత్తెర

ఈసారి పసిపిల్లల బొంత ఎలా కుట్టుకోవాలో రాద్దామని కూర్చున్నాను. కానీ ఆ బొంత వెనక నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది దాచి కొలతలు మాత్రం చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు అక్కా నేనూ ఆవిడ బీరువా తెరిచాం. కలరా ఉండల వాసన గుప్పుమంది. పట్టుచీరలు ఐదో ఆరో ఉన్నాయి. మిగిలినవన్నీ నేత చీరలే. మంగళగిరివి నాలుగు, వెంకటగిరివి రెండు, గద్వాలు ఒకటి, ఏ ఊరివో తెలియనివి ఇంకో పది. పట్టుచీరల్లో రెండు ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండిపోయి, విప్పుతుంటేనే మడత వెంట పర్రుమన్నాయి. అమ్మ "మంచివి" అని దాచుకున్నవవి. రోజూ కట్టి, ఉతికి, ఆరేసిన నేత చీరలేమో వెన్నలా ఉన్నాయి. 

"పట్టువి నేను తీసుకెళ్తానే, నేతవి నువ్వు ఉంచుకో. నీకు కుట్టుపని సరదా కదా, ఏదో ఒకటి చేస్తావు" అంది అక్క. 

ఆ "ఏదో ఒకటి చేస్తావు" అన్నదే నేను అనుమతి అనుకున్నాను.

కొన్నాళ్ళు వాటిని కదపలేదు. ఈలోగా అక్క కూతురు కడుపుతో ఉందని తెలిసింది. సీమంతానికి తాంబూలం సంచులూ, పుట్టబోయే బిడ్డకి బొంతా నేనే కుడతానన్నాను.

ముందు సంచుల సంగతి. మనందరి బీరువాల్లోనూ ఒక అర నిండా పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ఉంటాయి కదా. మనం ఒకరికి పెట్టింది నాలుగు ఇళ్ళు తిరిగి మళ్ళీ మన బొట్టుతోనే మన ఒళ్ళోకి వస్తుంది. వాటిలోంచి పది ముక్కలు తీశాను. ముక్క 80 సెంటీమీటర్లు, పన్నా 36 అంగుళాలు ఉంటే 9 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవుతో నాలుగు పట్టీలు వస్తాయి. పట్టీని మధ్యకి మడిచి రెండు పక్కలా అర అంగుళం లోపలికి కుడితే సంచి తయారు. పైన అంగుళంన్నర మడిచి గొట్టంలా కుట్టాలి. అయితే పక్క కుట్లు ఆ గొట్టం మొదలయ్యే చోట ఆపెయ్యాలి. లేదంటే తాడు దూరే దారి ఉండదు. నేను మొదటి మూడూ అలాగే పాడుచేసి కుట్లు విప్పుకున్నాను. ముక్కలో చివర మిగిలిన గుడ్డ తాళ్ళకి సరిపోతుంది. పది ముక్కల్లో నలభై సంచులు వచ్చాయి. రెండు అరటిపళ్ళు, తమలపాకులు, వక్క, పసుపు కుంకుమ పొట్లాలు హాయిగా పడతాయి.

ఇక బొంత. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డని పాత చీరలోనే పడుకోబెడతారు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, బిరుసు ఉంటుంది. వందసార్లు ఉతికిన నూలుకి వచ్చే మెత్తదనం కొనుక్కుంటే రాదు. బొంతని సంస్కృతంలో కంథ అంటారు. బెంగాల్ వాళ్ళ కాంథా కుట్టు కూడా ఇలా పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టేదే. 

చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. జల్లెడలా కనిపించిన భాగం మధ్య పొరలకి, గట్టిగా ఉన్నది పైకీ కిందకీ. అంతా ఒకసారి ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. బొంత పొడవు ఒక గజం, వెడల్పు చీర పన్నా. ఐదు పొరలు చాలు. నేల మీద పరిచి, ముడతలు లేకుండా సర్ది, అక్కడక్కడా పిన్నీసులు పెట్టాలి. ఎన్ని పెట్టామో లెక్క రాసుకోవాలి, తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు రెండేసి వేళ్ళ ఎడంతో వరసలు కుట్టుకుంటూ పోతే గుడ్డ ఒక పక్కకి పోగుపడదు. దారం ముడి పొరల మధ్యకి లాగెయ్యాలి. లేసులూ గుండీలూ వద్దు. జరీ అంచు అసలే వద్దు, పసి ఒంటికి గుచ్చుకుంటుంది. ఇది బిడ్డ కింద పరచడానికే, పైన కప్పడానికి కాదు.

ఒకటి ఉతికితే ఇంకొకటి ఉండాలని రెండు బొంతలు మొదలుపెట్టాను. పై పొరలకీ కింది పొరలకీ వెంకటగిరి చీర ఒకటి తీశాను. తెల్లటి చీర, ఆకుపచ్చ బుటాలు, సన్నటి జరీ అంచు. ఎక్కడా చిన్న చిరుగు కూడా లేదు. అంచులు తీసేసి, గజం చొప్పున నాలుగు ముక్కలు కోశాను. పైటచెంగు వైపు రెండు గజాలు మిగిలింది. 

సీమంతానికి ముందురోజు అక్క వచ్చింది. సంచులు చూసి మురిసిపోయింది. తర్వాత మంచం మీద సగం కుట్టిన బొంత ఎత్తి చూసింది. చాలాసేపు దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇది నా మొదటి జీతంతో అమ్మకి కొన్న చీర" అంది.

నాకు తెలియదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతో పదో తరగతో. అక్క వేరే ఊళ్ళో టీచరుగా చేరింది. ఆ ఇంట్లోనే ఉండి కూడా ఆ చీర ఎలా వచ్చిందో నేను గమనించలేదు.

"నువ్వే కదక్కా ఏదో ఒకటి చెయ్యమన్నావు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్క బొంత మడిచి మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు సీమంతంలో నలుగురి ముందూ మామూలుగానే ఉంది. వెళ్ళేటప్పుడు మాత్రం "వస్తానే" అనలేదు.

బొంతలు అటక మీద పెట్టేశాను. మూడు వారాలు ఫోను లేదు. చివరికి నేనే చేశాను. "తప్పు నాదేనక్కా. కత్తెర పట్టుకునే ముందు నిన్ను ఒక్క మాట అడగాల్సింది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కుట్టడం పూర్తయిందా?" అంది.

"ఆపేశాను."

"ఎందుకూ? కోసిన గుడ్డ మళ్ళీ చీర అవుతుందా? ఆదివారం వస్తాను, అటు నువ్వూ ఇటు నేనూ కూర్చుందాం."

వచ్చింది. ఇద్దరం నేల మీద ఎదురెదురుగా కూర్చుని కుట్టాం. నా కుట్లు సన్నం, అక్కవి పెద్దవి, వంకర. కుడుతూ చెప్పింది. ఆ చీర చూసి అమ్మ మొదట కోప్పడిందట, జీతం అంతా తగలేశావని. "ఆ తర్వాత నేను సెలవులకి వచ్చిన ప్రతిసారీ, బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ చీరలోనే ఉండేదే" అంది. నా కళ్ళ ముందే జరిగినవన్నీ. నాకు అమ్మ కట్టుకున్న తెల్ల చీరే కనిపించింది. అది ఎవరి కోసం కట్టుకుందో కనిపించలేదు.

అందుకే కొలతలన్నిటికంటే ముందు రాయాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. పాత చీర మీ వాటాకి వచ్చినా సరే, అది మీ ఒక్కరిదే అనుకోకండి. కోసే ముందు అక్కచెల్లెళ్ళనీ, వదినల్నీ కూర్చోబెట్టి, ఒక్కో చీరా విప్పి, దీని సంగతి ఎవరికైనా తెలుసా అని అడగండి. కొన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. మిగిలినవి నిశ్చింతగా కోసుకోవచ్చు. అడగడానికి ఒక పూట పడుతుంది, అంతే. 

అలాగని కొయ్యడమే తప్పని నేను అనను. మడతల్లో చిరిగిపోయిన ఆ పట్టుచీరలు గుర్తొస్తే, దాచినంత మాత్రాన నిలుస్తాయన్న నమ్మకం నాకు పోయింది.

మనవడు పుట్టాడు. మొన్న చూడ్డానికి వెళితే వాడు ఆ బొంత మీద పడుకుని కాళ్ళు తన్నుకుంటున్నాడు. రెండోది దండెం మీద ఆరుతోంది. "రోజుకి మూడుసార్లు తడిపేస్తున్నాడే మీ అమ్మ చీర" అంది అక్క. తను కుట్టిన వంకర వరసలన్నీ అటువైపు స్పష్టంగా కనబడుతున్నాయి. 

చెంగు ముక్క అక్కకి ఇచ్చేశాను. దాన్ని ఏం చేస్తావని అడగలేదు.